బాన్ఫ్‌లో హోటల్ ఉద్యోగం: గది, పని, పర్మిట్ ఒకే తాడుకు కట్టి ఉంటాయి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. ఒంగోలులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, అక్కడే ఒక హోటల్లో రెండేళ్లుగా పనిచేస్తున్న అబ్బాయి అడుగుతున్నాడు. కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్క్ లోపల ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ ఉద్యోగం ఉందని ఏజెంట్ చెప్పాడట. గంటకు 18 కెనడా డాలర్లు, ఏడాది వర్క్ పర్మిట్, ఉండటానికి గది. ఏజెంట్‌కు 9 లక్షలు ఇవ్వాలి. ఫోటోలు చూస్తే స్వర్గంలా ఉంది, వెళ్లమంటావా అక్కా అన్నాడు. వాళ్లమ్మకేమో ఎలుగుబంట్ల టెన్షన్.

నాది ఉదయగిరి పక్క పల్లె. కాల్గరీలో రెండేళ్లు చదువుకుని 2018 జూన్‌లో బాన్ఫ్‌లో పనికి చేరాను. 2021 వేసవి దాకా మూడేళ్లు ఆ ఊళ్లోనే ఉన్నాను. మొదటి ఏడాదిన్నర గదులు సర్దాను, తర్వాత ఫ్రంట్ డెస్క్‌లో కూర్చున్నాను. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. నువ్వు అడిగినవాటిలో నేను కళ్లారా చూసినవి చాలా ఉన్నాయి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఫోటోల్లో అబద్ధం లేదు. మా ఉదయగిరి దుర్గం సుమారు మూడు వేల అడుగుల ఎత్తు. చిన్నప్పుడు దాన్ని మించిన కొండ ఉండదనుకునేదాన్ని. బాన్ఫ్ వీధే నాలుగున్నర వేల అడుగుల పైన ఉంది. ఆ వీధిలో నిలబడి తల ఎత్తితే చుట్టూ ఇంకా అంత ఎత్తు కొండలు. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురు పోదు. షిఫ్ట్ దిగి బో నది ఒడ్డుకు వెళ్లి కూర్చుంటే ఒళ్లు నొప్పులు గుర్తుండేవి కావు. ఆ మూడేళ్ల మీద నాకు ఈ రోజుకీ ప్రేమే. అందుకే నువ్వు తప్పు దారిలో అక్కడికి వెళ్లకూడదని ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

బాన్ఫ్ మామూలు ఊరు కాదు. 1885లో వేడినీటి ఊటల చుట్టూ ఉన్న కొద్ది నేలను ప్రభుత్వం తన కింద ఉంచుకుంది. అదే పెరిగి కెనడాలో మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది. ఇప్పుడు దాని విస్తీర్ణం 6,641 చదరపు కిలోమీటర్లు. ఊరు ఆ పార్క్ లోపలే ఉంది. నేల ప్రభుత్వానిది. ఇళ్లవాళ్లకైనా హోటళ్లవాళ్లకైనా ఉన్నది లీజు మాత్రమే. అక్కడ ఎవరు పడితే వాళ్లు కాపురం పెట్టడానికి వీల్లేదు. పార్క్ లోపల ఉద్యోగమన్నా చేస్తుండాలి, వ్యాపారమన్నా నడుపుతుండాలి, లేదంటే అలాంటివాళ్ల కుటుంబమన్నా అయి ఉండాలి. దీన్ని అక్కడ 'నీడ్ టు రిసైడ్' అంటారు. ఎంత డబ్బున్నవాడైనా సరే, కొండలు కనిపిస్తాయని అక్కడ ఇల్లు తీసుకుని ఊరికే ఉంటానంటే కుదరదు.

ఈ నియమం మంచిదే. అది లేకపోతే ఆ ఊరు ఎప్పుడో సెలవు బంగళాలతో నిండిపోయి, పనిచేసేవాళ్లకు తల దాచుకునే చోటు కూడా మిగిలేది కాదు. కానీ నీలా విదేశం నుంచి వెళ్లేవాడికి దాని అర్థం వేరు. నీ గది హోటల్‌వాళ్లది. హోటల్లో పని పోతే గది పోతుంది. పార్క్‌లో ఇంకో పని దొరక్కపోతే ఆ ఊళ్లో ఉండే అర్హతే పోతుంది. పైగా ఏజెంట్ చెబుతున్న పర్మిట్ ఒకే యజమానికి కట్టిన పర్మిట్. పని పోయిందని పక్క హోటల్లో మర్నాడే చేరడానికి లేదు. ఆ హోటల్‌వాళ్లు మళ్లీ కొత్తగా అనుమతి తెచ్చుకోవాలి, నువ్వు కొత్త పర్మిట్‌కు పెట్టుకోవాలి. ఒంగోలులో ఉద్యోగం మానేస్తే సాయంత్రానికి ఇంటికి వెళ్లి అన్నం తింటావు. అక్కడ ఒక ముడి ఊడితే మూడూ ఊడతాయి.

నాతో పనిచేసిన ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, జపాన్ పిల్లలకు ఈ బాధ లేదు. వాళ్ల దేశాలకూ కెనడాకూ మధ్య ఒప్పందం ఉంది. వర్కింగ్ హాలిడే పర్మిట్ మీద వస్తారు, ఏ యజమాని దగ్గరైనా చేస్తారు, నచ్చకపోతే వారం తిరగకుండా మానేస్తారు. ఆ ఒప్పందంలో భారతదేశం లేదు. యూట్యూబ్‌లో 'బాన్ఫ్‌లో నా సీజన్' అని వీడియోలు పెట్టేవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. వాళ్లను చూసి మన లెక్క వేసుకోకూడదు. నాది చదువు తర్వాత వచ్చే ఓపెన్ పర్మిట్, అంటే ఏ యజమాని దగ్గరైనా చేసుకోవచ్చు, కాబట్టి నేనూ ధైర్యంగానే ఉండేదాన్ని. నా రూమ్మేట్ మాత్రం పంజాబ్ నుంచి ఒకే యజమాని పర్మిట్ మీద వచ్చిన అమ్మాయి. తను చేసిన గంటలకూ జీతం చీటీ మీద పడిన గంటలకూ పొంతన ఉండేది కాదు. అడగమంటే భయపడేది. ఊళ్లో భూమి అమ్మి ఏజెంట్‌కు కట్టామని ఒక రాత్రి చెప్పి ఏడ్చింది. 2019లో ప్రభుత్వం ఇలా ఇబ్బంది పెట్టే యజమానుల కింద ఉన్నవాళ్లకు ఓపెన్ పర్మిట్ ఇచ్చే పద్ధతి తెచ్చింది. నేనూ ఇంకో అమ్మాయీ కూర్చుని తన పే స్లిప్పులు, ఫోన్‌లో మెసేజ్‌లు, తను క్యాలెండర్ మీద రాసుకున్న గంటలు అన్నీ వరసగా పెట్టి దరఖాస్తు చేయించాం. వచ్చింది. ఆ క్యాలెండరే లేకపోతే చూపించడానికి ఏమీ ఉండేది కాదు. నువ్వు ఎక్కడికి వెళ్లినా మొదటి రోజు నుంచి నీ గంటలు నువ్వు రాసుకో.

ఇక 9 లక్షల సంగతి. ఇవ్వొద్దు.

ఎందుకో లెక్కతో చెబుతాను. గంటకు 18 డాలర్లు, వారానికి 40 గంటలు అంటే నెలకు సుమారు 3,100 డాలర్లు. పన్ను, పెన్షన్, ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ కోతలు పోగా చేతికి 2,550 దాకా వస్తుంది. గదికి 600, తిండికి 450, ఫోను, బస్సు, బట్టలు, చిల్లర ఖర్చులకు 250 వేసుకో. 1,250 మిగులుతుంది. కెనడా డాలరు సుమారు 60 రూపాయల చొప్పున 75 వేలు. చాలా పొదుపుగా ఉండి, ఒక్క గంట కూడా తగ్గకుండా 12 నెలలు చేస్తే 9 లక్షలు. అంటే ఏడాదంతా నువ్వు గదులు తుడిచి మిగిల్చింది పైసాతో సహా ఏజెంట్‌కే. ఆ పర్మిట్ కూడా ఏడాదే. తక్కువ జీతం విభాగంలో ఏడాదికి మించి ఇవ్వకూడదని 2024 సెప్టెంబరులో నియమం తెచ్చారు. అలాంటి పనివాళ్లు ఒక యజమాని దగ్గర నూటికి పదిమందికి మించకూడదని కూడా అప్పుడే పెట్టారు, కొన్ని రంగాలకు తప్ప. ఇలాంటి ఉద్యోగాలు అసలే తగ్గిన రోజుల్లో "ఎంతమందినైనా పంపిస్తాం" అనే మాట వింటే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

నిజమైన ఉద్యోగమైతే ఎవరు ఏం కట్టాలో చూడు. విదేశీ పనివాడిని తెచ్చుకోవడానికి యజమాని ముందు ఎల్‌ఎంఐఏ అనే అనుమతి తీసుకోవాలి. దాని ఫీజు 1,000 డాలర్లు. అది యజమానే కట్టాలి, నీ జీతంలోంచి పట్టుకోకూడదు. తక్కువ జీతం విభాగంలో రానూపోనూ టికెట్ ఖర్చు యజమానిదే. భరించగలిగిన అద్దెలో ఇల్లు చూపించే బాధ్యతా వాళ్లదే. ప్రభుత్వ హెల్త్ కార్డు వచ్చేదాకా ఇన్సూరెన్స్ కూడా వాళ్లే కట్టాలి. నువ్వు కట్టేది పర్మిట్ ఫీజు 155 డాలర్లు, బయోమెట్రిక్స్ 85 డాలర్లు. కలిపి పదిహేను వేల రూపాయల దగ్గర. ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం బాన్ఫ్ ఉన్న అల్బర్టా రాష్ట్రంలో చట్టవిరుద్ధం. మన దగ్గర కూడా కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ తీసుకోగల సర్వీస్ చార్జి 30,000 రూపాయలకు మించకూడదు, దానికి జీఎస్‌టీ కలుపుకో. మీ ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ఈ రోజే చూడు. తను కెనడా ఇమిగ్రేషన్ కన్సల్టెంట్‌నంటే, లైసెన్స్ ఉన్న కన్సల్టెంట్ల పట్టిక అక్కడి కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆఫర్ లెటర్‌లో ఉన్న ఫోన్ నంబరుకు చేయొద్దు. ఆ హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు చేసి, "మీ హెచ్‌ఆర్ నాకు ఈ లెటర్ పంపిందా" అని అడుగు. ఐదు నిమిషాల పని. సిగ్గుపడకు, వాళ్లకు ఇలాంటి ఫోన్లు అలవాటే.

అదే చదువుకోవడానికి వెళ్లి ఆ తర్వాత బాన్ఫ్‌లో చేరాలనుకుంటే, నేను వెళ్లిన రోజుల నియమాలు ఇప్పుడు లేవు. 2024 నవంబరు నుంచి కాలేజీ డిప్లొమాలు చాలావాటికి చదివిన సబ్జెక్టును బట్టే తర్వాతి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. హాస్పిటాలిటీ డిప్లొమాకు వస్తుందిలే అని ఎవరో చెబితే నమ్మి ఫీజు కట్టకు. కోర్సు కోడ్ పెట్టి ప్రభుత్వ సైట్‌లో చూసుకున్నాకే అడుగు వెయ్యి.

పని ఎలా ఉంటుందో చెబుతాను, అది ఏ ఫోటోలోనూ ఉండదు. మా హోటల్లో ఎనిమిది గంటల షిఫ్ట్‌కు పదిహేను గదులు. చెక్-అవుట్ గదైతే పరుపు మీదివన్నీ మార్చాలి, బాత్రూమ్ కడగాలి, అద్దం మీద ఒక్క మరక ఉండకూడదు. చలికాలంలో స్కీయింగ్ చేసి వచ్చినవాళ్ల బూట్లతో కార్పెట్ మీద మంచు, మట్టి, ఉప్పు. కింగ్ సైజు పరుపు మూలను ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో దుప్పటి అంచు లోపలికి దోపాలి. రోజుకు అలా అరవై మూలలు. మొదటి నెల రాత్రుళ్లు వేళ్లు ముడుచుకునేవి కావు. మణికట్టు కాదు, మోకాళ్లు వాడి ఎత్తమని ఒక ఫిలిప్పీన్స్ అక్క నేర్పింది. మోకాలు పరుపు చట్రానికి ఆనించి ఒంటి బరువుతో ఎత్తితే సగం నొప్పి తగ్గుతుంది. ఒంగోలులో నువ్వు చేసిన రెండేళ్లు అక్కడ బాగా పనికొస్తాయి, ఆ విషయంలో దిగులు వద్దు. రోజుకు ఎనిమిది గంటలు గానీ వారానికి 44 గంటలు గానీ దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. అడిగి తీసుకో.

గంటలు ఏడాదంతా ఒకేలా ఉండవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఊపిరాడదు. అక్టోబరు, నవంబరు, మళ్లీ ఏప్రిల్, మే ఖాళీ నెలలు. నాకు ఒక నవంబరులో వారానికి ఇరవై రెండు గంటలే వచ్చాయి. గది అద్దె మాత్రం తగ్గలేదు. అందుకే కాంట్రాక్టులో "వారానికి కనీసం ఇన్ని గంటలు" అని అంకె ఉండాలి. 'అవసరాన్ని బట్టి' అని ఉంటే ఒప్పుకోకు.

ఆ పార్క్‌లో ముందు హక్కు జంతువులది, తర్వాతే మనది. ఈ మాట నేను ఒక చేపల పులుసు గిన్నెతో నేర్చుకున్నాను. స్టాఫ్ ఇంట్లో ఆరుగురికి ఒక ఫ్రిజ్. డిసెంబరులో కాల్గరీ నుంచి చింతపండు, చేప తెచ్చుకుని పులుసు పెట్టాను. మన నెల్లూరు పులుసు మర్నాటికే కదా రుచి. ఫ్రిజ్‌లో చోటు లేదు, బయట మైనస్ ఇరవై. గిన్నెకు మూత పెట్టి బాల్కనీలో ఉంచాను. తెల్లారి కింద గదిలో ఉండే సూపర్‌వైజర్ తలుపు కొట్టింది. మూత పక్కన పడి ఉంది. కాకికన్నా రెండింతలుండే రేవెన్ పక్షులు మూడు గిన్నె చుట్టూ తిరుగుతున్నాయి. ఆమె కోప్పడలేదు. నన్ను కూర్చోబెట్టి చెప్పింది. మనిషి తిండి రుచి మరిగిన జంతువు మళ్లీ ఇళ్ల మధ్యకు వస్తుంది, భయం పోతుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. పక్షుల వెనక నక్కలాంటి కొయోట్ వస్తుంది, దాని వెనక ఇంకోటి వస్తుంది. జంతువులకు తిండి పెట్టినా, అందేలా వదిలేసినా జరిమానా 25,000 డాలర్ల దాకా వేయొచ్చు. ఆ రోజు నన్ను పట్టింది జరిమానా భయం కన్నా, నా గిన్నె వల్ల ఒక ప్రాణి పోతుందేమోనన్న ఆలోచన.

చెత్తకుండీలు చూస్తే ఈ పట్టింపు ఎంతదో అర్థమవుతుంది. ఇంటి ముందు బకెట్ పెట్టడం అక్కడ లేదు. వీధి చివర మందపాటి ఇనుప పెట్టె ఉంటుంది. దాని పిడి ఒక గూడులో దాగి ఉంటుంది. అరచేయి పైకి తిప్పి లోపలికి పెట్టి, వేళ్లతో లోపలి మీట నొక్కితే తప్ప మూత లేవదు. ఎలుగుబంటి గోళ్లు ఆ గూట్లో తిరగవు. చలికి మందపాటి గ్లౌజు వేసుకుంటే మన వేళ్లూ తిరగవు. అందుకని ఒక్క క్షణం గ్లౌజు తీయాలి, ఆ ఇనుము చర్మాన్ని పట్టుకున్నట్టే ఉంటుంది. మూడేళ్లలో ఎంత చలిలోనైనా సంచి పక్కన పడేసి వెళ్లినవాళ్లను నేను ఒక్కరిద్దరినే చూశాను.

ఇంకో సంగతి కూడా నీకు తెలియాలి. ఆ కొండలు పార్క్ కాకముందు ఖాళీగా లేవు. స్టోనీ నకోడా జనం తరతరాలుగా అక్కడ వేటాడుకుని బతికారు. పార్క్ పెట్టాక వాళ్ల వేట ఆపేశారు. నల్లమల చెంచుల సంగతి ఎరిగిన ప్రకాశం జిల్లావాడివి, నీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

పని, గది, పర్మిట్ ఒకే తాడుకు కట్టి ఉంటే ఏమవుతుందో 2020 మార్చిలో చూశాను. కోవిడ్‌కు హోటళ్లన్నీ వారంలో మూతపడ్డాయి. పార్క్‌లోకి సందర్శకుల బండ్లు రాకుండా ఆపేశారు. రోజూ వేలమంది నడిచే వీధిలో ఎల్క్ దుప్పులు పడుకున్నాయి. మా యజమాని మంచివాడు, అద్దె తగ్గించి ఉండనిచ్చాడు. పక్క వీధిలో పనిచేసే నా స్నేహితురాలికి మాత్రం గది ఖాళీ చేయడానికి రెండు రోజులే ఇచ్చారు. మా గదిలో నేల మీద పరుపు వేసుకుని ఆరు వారాలు ఉంది. 2024 జూలైలో ఉత్తరాన ఉన్న జాస్పర్ పార్క్‌కు కార్చిచ్చు వచ్చింది. ఒక్క రాత్రిలో పాతికవేలమందిని ఖాళీ చేయించారు, రెండు రోజుల్లో మంటలు ఊళ్లోకి వచ్చి మూడో వంతు కట్టడాలు కాలిపోయాయి. నాతో చేసిన ఒకబ్బాయి అప్పటికి జాస్పర్‌లో ఉన్నాడు. పని, గది ఒకే రోజు పోయాయి. పాస్‌పోర్టు, పర్మిట్, పే స్లిప్పులు ఒకే సంచిలో తలుపు పక్కన ఉంచుకునే అలవాటు ఉండబట్టి అవి మాత్రం మిగిలాయి. నువ్వూ అలాగే ఉంచుకో. రెండు నెలల ఖర్చు, ఇంటికి టికెట్ డబ్బు ముట్టకుండా బ్యాంకులో పెట్టుకో. మొదటి మూడు నెలలు ఇంటికి డబ్బు పంపలేకపోయినా ఫరవాలేదని నాన్నకు ముందే చెప్పు.

కాబట్టి నా జవాబు ఇది. హోటల్ నిజమైనదై, అనుమతి నిజమైనదై, నీ జేబు నుంచి పోయేది ప్రభుత్వ ఫీజులే అయితే వెళ్లు. ఇరవై నాలుగేళ్ల వయసులో అలాంటి చోట ఏడాది పనిచేయడం గొప్ప సంగతి. 9 లక్షలు కట్టి మాత్రం వద్దు. ఆ డబ్బు కోసం ఇంట్లో ఏదైనా తాకట్టు పెట్టే మాట వస్తే అసలే వద్దు.

అమ్మకు నా మాటగా ఇది చెప్పు. ఎలుగుబంట్లు ఉన్నాయి, నల్లవీ ఉన్నాయి, గ్రిజ్లీలూ ఉన్నాయి. వాటికి వంద మీటర్ల దూరం, ఎల్క్‌కు ముప్పై మీటర్ల దూరం ఉండాలన్నది నియమం. కొండదారికి వెళ్లేటప్పుడు నలుగురం కలిసి, మాట్లాడుకుంటూ, ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే బేర్ స్ప్రే నడుముకు తగిలించుకుని వెళ్లేవాళ్లం. మూడేళ్లలో నేను ఎలుగుబంటిని చూసింది ఎక్కువగా బస్సు కిటికీలోంచే. నిజానికి నేను ఎక్కువ జాగ్రత్తపడింది ఎల్క్‌తోనే. మే, జూన్‌లలో పిల్లతల్లి మన కణితి కన్నా పెద్ద ఒళ్లేసుకుని స్టాఫ్ ఇంటి మెట్ల దగ్గరే నిలబడుతుంది. పనికి ఆలస్యమైనా సరే వెనక తలుపు నుంచి వెళ్లాలి.

నాకు దెబ్బ తగిలింది మాత్రం ఏ జంతువు వల్లా కాదు. రెండో చలికాలంలో, ఉదయం ఆరున్నరకు చీకట్లో పనికి నడుస్తూ, పేవ్‌మెంట్ మీద కనపడని ఐసు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు కట్టు. బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు అక్కడ ఏ స్పోర్ట్స్ షాపులోనైనా ముప్పై డాలర్ల లోపు దొరుకుతాయి. అక్టోబరులో మొదటి మంచు పడకముందే కొనుక్కో.